సైకిల్ రోడ్ రేసులో ఒళ్లు దాచుకోవడం ఎలా: గుంపులో నిలబడి చివరికి బలం మిగుల్చుకునే పద్ధతి

"ఒంటరిగా గంటకు 34 కి.మీ. తొక్కుతాను, రేసు సగటు 38 అంటున్నారు, నిలబడగలనా?" కొత్తగా రేసుల్లోకి వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది. "గుంపుతోనే వచ్చాను, కానీ చివరి స్ప్రింట్‌లో 30వ స్థానం. ఎందుకు?" అనేది రెండోది. తిప్పి తిప్పి ఈ రెండే అడుగుతారు. మొదటిదానికి జవాబు చిన్నదే, చాలావరకు నిలబడగలరు. రెండోదానికే కాస్త వివరం కావాలి.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పుకుందాం. చదును రోడ్డు మీద 35-40 వేగంలో మీ బలం ఎక్కువగా గాలిని తోయడానికే పోతుంది. వేగం 10 శాతం పెంచాలంటే గాలిని తోయడానికి దాదాపు 33 శాతం ఎక్కువ బలం పెట్టాలి. ముందున్న చక్రం చాటున సరిగ్గా చేరితే మీ శ్రమలో సుమారు పావు నుంచి మూడో వంతు మిగులుతుంది, పెద్ద గుంపు నడుమ ఇంకా ఎక్కువ. వేరే పనిలో ఒళ్లు దాచుకుంటే తిట్టిపోస్తారు గానీ రేసులో అది నేర్చుకోవలసిన విద్య.

ముందుగా ఒక షరతు. గుంపులో తొక్కడం రేసులోనే మొదలుపెట్టకండి. ఎనిమిది, పది మందితో కలిసి కనీసం ఐదారు సార్లు దగ్గరదగ్గరగా తొక్కి అలవాటు పడ్డాకే పేరు ఇవ్వండి. మీ ఒక్కరి కంగారుకు వెనకున్న పదిమంది కింద పడతారు.

కావలసినవి

- శుభ్రం చేసి నూనె వేసిన చైను, దూకకుండా పడే గేర్లు, అరగని బ్రేక్ ప్యాడ్లు.
- కోతలు లేని టైర్లు. 28 మి.మీ. టైరు, 70 కిలోల రైడర్ అయితే గాలి ఒత్తిడి 70 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి, తడి రోడ్డుకు 5 నుంచి 8 తగ్గించండి. హుక్‌లెస్ రిమ్ములైతే (టైరును పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచు లేనివి) 72.5 పీఎస్‌ఐ దాటకూడదు.
- హ్యాండిల్ రెండు చివర్లకూ మూతలు. ఇవి లేకపోతే తనిఖీలోనే ఆపేస్తారు, ఆపడం న్యాయమే. పడినప్పుడు ఆ గొట్టం ఒంట్లో దిగుతుంది.
- హెల్మెట్, రేసు లైసెన్స్, నంబరు, నంబరుకు ఆరు పిన్నులు. నాలుగే పెడితే గాలికి తెరచాపలా ఉబ్బుతుంది.
- రెండు గంటల రేసుకు రెండు 750 మి.లీ. సీసాలు, గంటకు 60 గ్రాముల పిండిపదార్థం వచ్చేన్ని జెల్స్ లేదా బార్లు.
- స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిలుకు కలిపే ముక్క) మీద అంటించడానికి చిన్న టేపు ముక్క, పెన్ను.

1. దారిని ముందే చదవండి

టేపు మీద నాలుగే రాసుకోండి: మిట్టలు మొదలయ్యే కి.మీ., రోడ్డు ఇరుకయ్యే చోటు, గాలికి తెరిచి ఉండే చోటు, చివరి మలుపు నుంచి ముగింపు గీతకు దూరం. చివరి 3 కి.మీ. మీరే తొక్కి చూడండి, వీలుకాకపోతే మ్యాపులో చూడండి. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ రోజు పొద్దున చూసి టేపు మీద బాణం గుర్తు వేయండి. ఇంతకుమించి రాస్తే రేసులో చదవలేరు.

2. వార్మప్, మొదటి పది నిమిషాలు

రేసు ఎంత చిన్నదైతే వార్మప్ అంత పెద్దదిగా ఉండాలి. 45 నిమిషాల క్రిటీరియం (చిన్న చుట్టును పదేపదే తిరిగే రేసు) మొదటి మలుపు నుంచే ఉడికిపోతుంది కాబట్టి 20 నిమిషాలు తొక్కండి, అందులో మూడు సార్లు ఒక్కో నిమిషం గట్టిగా. 100 కి.మీ. రేసుకు 10 నిమిషాలు చాలు.

స్టార్ట్ గీత దగ్గర ముందు రెండు మూడు వరుసల్లో నిలబడండి. ఒక కాలు అప్పటికే క్లిప్‌లో, మధ్యస్థపు గేరులో ఉండాలి. మొదటి పది నిమిషాల్లో గుంపు పిచ్చిగా పోతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఊపిరి అందడం లేదని అక్కడే చేతులెత్తేయకండి. అది అందరికీ కష్టంగా ఉండే సమయమే.

3. చక్రం పట్టుకోవడం

చక్రం పట్టుకోవడమంటే ముందున్న సైకిలు వెనకే, దాని చాటున తొక్కడం. కొత్తవాళ్లు ముందు చక్రానికి ఒక మీటరు దూరంతో మొదలుపెట్టి, నమ్మకం కుదిరాక అర మీటరుకు రండి. చాటు అక్కడ బాగానే దొరుకుతుంది, అంతకన్నా దగ్గరికి వెళ్లి భయపడుతూ తొక్కితే మిగిలిన బలం ఆ భయానికే పోతుంది.

చూపు ముందు చక్రం మీద పెట్టకండి. ముందున్న రైడర్ నడుము మీదుగా, ఇంకా ముందున్న ముగ్గురు నలుగురి వైపు చూడండి. వాళ్ల భుజాలు కదిలితే ఏదో జరగబోతోందని ఒక క్షణం ముందే తెలుస్తుంది. మోచేతులు వంచి వదులుగా ఉంచండి. పక్కవాళ్ల భుజం తగిలినా ఆ వంపు దెబ్బను మింగేస్తుంది, బిగుసుకున్న చేతులైతే ఆ దెబ్బను నేరుగా హ్యాండిల్‌కు పంపిస్తాయి.

హెచ్చరిక: మీ ముందు చక్రాన్ని ముందున్న సైకిలు వెనక చక్రం పక్కకు చొప్పించకండి. ఆ రైడర్ ఒక అడుగు పక్కకు జరిగితే చక్రాలు రాసుకుంటాయి. అప్పుడు పడేది దాదాపు ఎప్పుడూ వెనకున్న మీరే.

మరీ దగ్గరైపోతే బ్రేకు నొక్కేసే ముందు రెండు పనులు చేసి చూడండి. పెడల్ తిరుగుతుండగానే బలం తీసేయండి. తల, ఛాతీ పైకెత్తి గాలికి ఆనండి. ఇవి చాలకపోతేనే బ్రేకును మెత్తగా తాకించి వదలండి.

మరొకటి చాలామందికి తెలియదు. సీటు మీద నుంచి లేచి నిలబడేటప్పుడు సైకిలు అడుగు దూరం వెనక్కి తన్నినట్టు అవుతుంది, వెనకున్నవాళ్ల చక్రానికి తగులుతుంది. లేచే ముందు ఒక గేరు బరువు పెంచి, ఒక పెడల్ కిందికి దిగుతున్నప్పుడు దాన్ని గట్టిగా తొక్కుతూ లేవండి. మిట్టల మీద జరిగే చిన్నచిన్న పడిపోవడాల్లో చాలావాటికి మూలం ఇదే.

4. ముందు మూడో వంతులో ఉండండి

రెండో ప్రశ్నకు జవాబు ఎక్కువగా ఈ మెట్టులోనే ఉంది.

సిగ్నల్ దగ్గర బళ్ల వరుస గుర్తు తెచ్చుకోండి. పచ్చ పడగానే మొదటి బండి కదులుతుంది. ఇరవయ్యో బండి కదిలేసరికి మొదటిది ఎక్కడో ఉంటుంది, దాన్ని అందుకోవాలంటే తర్వాత గబగబా పోవాలి. మలుపు దగ్గర గుంపుకు అచ్చం ఇదే జరుగుతుంది. మొదటి ఐదుగురు 35 వేగంతో వచ్చి 32తో తిరిగి వెళ్లిపోతారు. తోకలో ఉన్నవాళ్లు 20కి బ్రేకు వేసి, మలుపు దాటాక 42కు ఎగబాకాలి. కి.మీ.న్నర చుట్టు, చుట్టుకు నాలుగు మలుపులు, 25 చుట్లు అనుకోండి. అంటే 100 స్ప్రింట్లు. ముందున్నవాళ్లు వాటిలో ఒక్కటీ చేయలేదు. ఇద్దరి సగటు వేగం ఒకటే, చివర్లో కాళ్లు మాత్రం ఒకటి కావు.

గుంపు అన్నది లోపల్లోపల ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. పక్కల నుంచి జనం ముందుకొస్తూ ఉంటారు కాబట్టి, ఉన్నచోటే ఉన్నామనుకుంటే వెనక్కి జారుతున్నట్టే. ముందుకు వెళ్లడానికి మంచి సమయాలు ఇవి:

- గుంపు వేగం తగ్గి రోడ్డంతా పరుచుకున్నప్పుడు.
- పల్లం దిగుతూ పెడల్ ఆపి దొర్లుతున్నప్పుడు.
- వేరొకరు పక్క నుంచి ముందుకు పోతుంటే, వాళ్ల చాటున.

వెళ్లకూడని సమయం ఒక్కటే చెప్తాం: గుంపు ఒంటి వరుసగా సాగిపోయి ఎగురుతున్నప్పుడు. అప్పుడు ఒంటరిగా గాలిలో పది మందిని దాటే ఖర్చుకు ఫలితం దక్కదు. అలా సాగదీసే ముందే ముందుకు చేరి ఉండాలి.

మలుపులోకి వెళ్లేముందే బ్రేకు, ముందే గేరు. చేతులు కింది హ్యాండిల్ మీద, బయటి పెడల్ కింద, లోపలి పెడల్ పైన. పక్కవాళ్లు ఏ గీతలో తిరుగుతున్నారో మీరూ దానికి సమాంతరంగా తిరగండి. లోపలి నుంచి దూరి నాలుగు స్థానాలు కొట్టేద్దామనుకునేవాళ్లు ప్రతి రేసులోనూ ఉంటారు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరచిందని, వాళ్ల వెనకాల మాత్రం ఉండకండి.

సరిచూసుకోవడం: ప్రతి 10 నిమిషాలకు మీ ముందున్నవాళ్లను లెక్కపెట్టండి. 60 మంది గుంపులో 20 దాటితే కదలాలి. ఒకటి నుంచి ఐదులోపు ఉన్నారంటే గాలి మీదే పడుతోంది, కాస్త వెనక్కి జారండి.

5. మిట్ట ఎక్కేటప్పుడు

నిటారు మిట్ట మీద వేగం 15కు పడిపోతుంది, అక్కడ చాటు వల్ల కలిసొచ్చేది తక్కువ. ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి. ఎక్కడంలో మీరు బలహీనులైతే ఒక ఉపాయం ఉంది. మిట్ట మొదట్లో మొదటి పదిమందిలో ఉండండి. మీ వేగంతో మీరు ఎక్కుతూ, ఒక్కొక్కరూ దాటిపోతుంటే పోనివ్వండి. పైకి చేరేసరికి గుంపు తోకకు తగులుకుని ఉంటే చాలు. 50 మంది గుంపు 60 నుంచి 100 మీటర్ల పొడవుంటుంది, అంత దూరం మీకు ఊరికే దొరికినట్టే. మిట్టను తోకలో మొదలుపెట్టినవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు.

చాలామంది వదిలిపోయేది మిట్ట మీద కాదు, శిఖరం దాటిన వెంటనే. మీరింకా ఎక్కుతుండగానే ముందువాళ్లు పల్లంలో 45కు చేరిపోతారు. శిఖరం దాటాక పది, పదిహేను పెడల్ తిప్పులు గట్టిగా వేసి, చక్రం అందాకే ఊపిరి తీసుకోండి.

పల్లంలో వేగం కోసం సీటు దిగి దాని ముందున్న పై గొట్టం మీద కూర్చోవడం, ముంజేతులు హ్యాండిల్ మీద పరచడం చేయకండి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2021 ఏప్రిల్ 1 నుంచి రెండింటినీ నిషేధించింది.

6. పక్కగాలి

ఎక్కువమంది బలైపోయేది దీనికే, అదీ ఎందుకు బలయ్యారో తెలియకుండానే. గాలి కుడి నుంచి కొడుతుంటే చాటు ముందున్న రైడర్‌కు సరిగ్గా వెనక ఉండదు, వెనక ఎడమవైపు ఉంటుంది. అందుకే గుంపు ఏటవాలు వరుసగా మారుతుంది. దీన్ని ఎషెలాన్ అంటారు. రోడ్డు వెడల్పు పట్టినంతమందికే అందులో చాటు. సగం రోడ్డే వాడాలన్న నియమం ఉన్నచోట ఐదారుగురికే. మిగతావాళ్లు రోడ్డు ఎడమ అంచున బారులు తీరి, ముందు మనిషి ఉన్నా గాలినంతా తామే తింటూ ఉంటారు. ఆ బారులో ఎవరో ఒకరు అలిసి సందు వదలగానే గుంపు తెగుతుంది. తెగింది మీ ముందా, వెనకా అన్నది మీ అదృష్టం కాదు, అంతకు రెండు కి.మీ. ముందు మీరున్న స్థానం.

చేయవలసినవి:

- జెండాలు, గడ్డి, చెట్ల కొమ్మలు చూసి గాలి దిక్కు కనిపెట్టండి. తెరిచి ఉన్న రోడ్డులోకి తిరిగే మలుపుకు 1-2 కి.మీ. ముందే మొదటి పదిహేనులోకి రండి.
- ఏటవాలు వరుసలో చోటు దొరికితే మీ వంతు ముందు పని చేయండి. ఇక్కడ తప్పించుకుంటే చోటు పోతుంది.
- చోటు దొరక్కపోతే అంచున వేలాడకండి. వెనకున్న నలుగురైదుగురిని పిలిచి రెండో ఏటవాలు వరుస కట్టండి. మొదటి వరుసకు 50 మీటర్లు వెనక ఉన్నా ఒంటరిగా చావడం కన్నా చాలా మేలు.

7. తిండి, నీళ్లు

మొదటి అరగంటలోనే మొదలుపెట్టండి, 20 నిమిషాలకోసారి కొంచెం కొంచెం. గంటకు 500-750 మి.లీ. ద్రవం, ఎండను బట్టి. మలుపుకు ముందు, మిట్ట అడుగున సీసా తీయకండి. రేసు రోజున కొత్త జెల్ రుచి చూడకండి. ఇక్కడ ఇంతకన్నా చెప్పడానికి లేదు.

8. ఎటాక్: వెళ్లాలా, ఊరుకోవాలా

ఒక్కసారిగా వేగం పెంచి గుంపును వదిలి పోవడమే ఎటాక్. గుంపు మొదటి వరుస నుంచి ఎటాక్ చేస్తే అందరూ చూస్తూ మీ చక్రం పట్టేస్తారు. ఆరో ఏడో స్థానం నుంచి, రోడ్డుకు అవతలి పక్కగా, వేగం అందుకున్నాక దాటండి. 15 సెకన్లు ఉన్నదంతా పెట్టి, ఆ తర్వాత 30 సెకన్లు వెనక్కి చూడకుండా తొక్కి, అప్పుడు చూడండి. వెనక ఒంటి వరుసగా వస్తుంటే మానుకోండి, రోడ్డంతా పరుచుకుని ఉంటే కొనసాగండి.

మంచి సమయాలు: మిట్ట శిఖరానికి కాస్త ముందు, అంతకుముందు పోయినవాళ్లను పట్టుకుని గుంపు ఊపిరి పీల్చుకుంటున్న ఆ క్షణం. ఎదురుగాలి చదును మీద ఒంటరిగా పోవడం దింపుడుకళ్లం ఆశే.

వేరొకరు వెళ్తే మూడు చూడండి: ఎంతమంది, ఎవరు, ఎంత దూరం మిగిలింది. బలమైన టీములన్నిటి నుంచీ ఒక్కొక్కరు అందులో ఉంటే వెనక తరిమేవాళ్లు మిగలరు, మీరూ వెళ్లాలి. మీ టీము మనిషి ఉంటే మీరు తరమకూడదు, తరిమేవాళ్ల చక్రం పట్టుకుని కూర్చోండి. ఫ్రెంచ్ వ్యాఖ్యాత, మాజీ రైడర్ రాబెర్ షపాట్ పేరున ఒక లెక్క ఉంది: గుంపు 10 కి.మీ.లో ఒక నిమిషం తేడాను మింగగలదు. అది పని పంచుకునే ప్రొఫెషనల్ గుంపుల లెక్క. అమెచ్యూర్ గుంపులో ఎవరు ముందుకొస్తారా అని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడంతోనే సగం సమయం పోతుంది, కాబట్టి ముందువాళ్లు అంతకన్నా తక్కువ తేడాతోనూ గట్టెక్కుతారు.

ముందు ఎంతమంది ఉన్నారో లెక్క తప్పకండి. 2021 టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసులో ప్రొఫెషనల్ టీము ఒప్పందమే లేని ఆస్ట్రియా గణిత శాస్త్రవేత్త అన్నా కీసెన్‌హోఫర్ 137 కి.మీ. రేసులో మొదట్లోనే ఎటాక్ చేసి, చివరి 40 కి.మీ. ఒంటరిగా తొక్కి 75 సెకన్ల తేడాతో గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన ఆన్నెమీక్ వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులెత్తింది. ఆ రేసులో రైడర్లకు రేడియోలు లేవు. మీ రేసులోనూ ఉండవు.

9. చిన్న గుంపులో వంతులు

నలుగురైదుగురు విడిపోయాక ఒక్కొక్కరూ 15 నుంచి 30 సెకన్లు ముందు తొక్కి తప్పుకోవాలి. గాలి ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపుకే తప్పుకోండి, అప్పుడు వెనక్కి వెళ్తున్న మీరు ముందుకొస్తున్నవాళ్లకు గాలి అడ్డవుతారు.

పెద్ద తప్పు: మీ వంతు రాగానే ఊపుగా వేగం పెంచడం. వేగం చూపే మీటరు చూడండి. రెండో స్థానంలో 39 ఉంటే ముందుకొచ్చాకా 39 ఉండాలి. పెరగవలసింది మీరు పెట్టే బలం, వేగం కాదు. తప్పుకున్నాకే ఒకటి రెండు కి.మీ. తగ్గించండి. చివరి రైడర్ మిమ్మల్ని దాటుతూ "చివరి" అని అరవాలని ముందే మాట్లాడుకోండి. ఆ భుజం మీ పక్కకు రాగానే తొక్కడం మొదలుపెట్టాలి, పూర్తిగా దాటాక మొదలుపెడితే రెండు మీటర్ల సందు వస్తుంది. ప్రతి వంతుకూ ఆ రెండు మీటర్లు పూడ్చేవాళ్లే ముందు వదిలిపోతారు.

అలిసిపోతే వంతు ఎగ్గొట్టండి, కానీ ఆ సంగతి చెప్పి చివర ఉండండి. ముందుకొచ్చి వేగం చంపేయడం కన్నా అది మర్యాద.

10. చివరి 3 కి.మీ.

3 కి.మీ. దగ్గర మొదటి 15లో, 1 కి.మీ. దగ్గర మొదటి 8లో ఉండాలి. చివరి మలుపు గీతకు 300 మీటర్ల లోపే ఉంటే మలుపులోకి మొదటి నలుగురిలో వెళ్లినవాళ్ల మధ్యే పోటీ, మిగతావాళ్లది ఊరేగింపు.

ఎవరి చక్రం పట్టాలో 2 కి.మీ. ముందే ఎంచుకోండి. గేరు మరీ బరువు వద్దు, స్ప్రింట్ మొదట్లో నిమిషానికి 90-100 తిప్పులు పడే గేరు ఉంచి, వేగం పెరిగాక మార్చండి. ఎదురుగాలైతే 150 మీటర్ల దాకా ఆగండి, వెనకగాలైతే 250 దగ్గరే లేవొచ్చు. ముందు చక్రానికి ఒక మీటరు సందు వదిలి, చాటులోనే వేగం అందుకుని, ఆ ఊపుతో పక్కకు రండి. గీత దాకా ఒకే బారులో తిన్నగా వెళ్లాలి, పక్కకు ఊగితే స్థానం తీసేస్తారు.

గీత దగ్గర చేతులు చాచి సైకిలును ముందుకు తోసి, నడుము సీటు వెనక్కి జరపండి. చక్రం ఒక అడుగైనా ముందుంటుంది. దీన్ని ఖాళీ రోడ్డులో పదిసార్లు సాధన చేయండి. ముందు మురిసినమ్మ పండగ ఎరగదంటారు. 2004 మిలాన్-సాన్ రేమో రేసులో ఎరిక్ జాబెల్ గీతకు ముందే చేతులెత్తాడు, పక్కనే సైకిలును తోసిన ఆస్కార్ ఫ్రెయిరే గెలిచాడు. 2020 లియేజ్-బాస్టోన్-లియేజ్‌లో జూలియన్ అలఫిలిప్ అదే చేశాడు, రోగ్లిచ్ గెలిచాడు. పైగా స్ప్రింట్‌లో పక్కకు జరిగినందుకు అలఫిలిప్‌ను ఐదో స్థానానికి దించారు.

తరచూ జరిగే తప్పులు

*ప్రతి ఎటాక్ వెనకా పరుగెత్తడం.* మొదటి గంటలో పోయినవాళ్లలో ఎక్కువమంది తిరిగొస్తారు. రెండు సార్లు వెళ్లండి, మూడోసారి వేరేవాళ్లు తరిమేదాకా ఆగండి.

*బాగున్నానని ముందుకొచ్చి లాగడం.* 20వ కి.మీ. దగ్గర అందరికీ బాగానే ఉంటుంది.

*ముందున్న రైడర్ సందు వదులుతుంటే చూస్తూ కూర్చోవడం.* మూడు మీటర్లుగా ఉన్నప్పుడే దాటి పూడ్చండి. ముప్పై అయ్యాక ఖర్చు పదింతలు.

*స్ప్రింట్‌కు తోక నుంచి బయల్దేరడం.* 40 మందిని 300 మీటర్లలో ఎవరూ దాటలేరు, ఎంత బలమున్నా.

సరిగ్గా చేశారా అని చూసుకోవడం

ఇంటికొచ్చాక మీ మీటరులో నమోదైన రికార్డు తెరవండి. పవర్ మీటరు (పెడల్ మీద పెట్టే బలాన్ని కొలిచేది) ఉంటే మలుపుల తర్వాత వచ్చిన శిఖరాలు చూడండి. ఎత్తుగా, దగ్గరదగ్గరగా ఉంటే మీరు తోకలో తొక్కారు. పెడల్ ఆపి దొర్లిన సమయం కూడా చూడండి. చదును రోడ్డు మీద గుంపులో ఉండీ అది దాదాపు సున్నా అయితే గాలిలోనే ఎక్కువసేపు గడిపారన్నమాట. పవర్ మీటరు లేకపోతే వేగం గీత చాలు. మలుపు మలుపుకూ 20కి పడి 42కు లేచే రంపపు పళ్లు కనిపిస్తే అర్థం అదే.

తర్వాత టేపు మీద రాసుకున్న నాలుగు చోట్లకు ఎదురుగా అక్కడ మీరున్న స్థానం గుర్తున్నంతవరకు రాయండి. మూడు రేసుల తర్వాత ఆ టేపు ముక్కలు పక్కపక్కన పెట్టండి. గుంపు వదిలింది ఎక్కడైనా, ఆ చోటికి రెండు కి.మీ. ముందు రాసిన అంకె చూడండి. 30 దాటి ఉంటే వచ్చే రేసుకు మార్చవలసింది అదే, సాధన గంటలు పెంచడం తర్వాత సంగతి. 15 లోపు ఉండి కూడా వదిలిపోయారంటే మాత్రం కాళ్ల సమస్యే, వదిలింది మిట్ట మీదైతే అంత పొడవున్న సాధనలు వారానికి రెండుసార్లు చేయండి.